పాగుమెలో పేరు రాయించుకున్నవాళ్ళు

అస్నకెచ్ సంతకం పెట్టింది. ఎవరూ చెయ్యి పట్టుకుని పెట్టించలేదు, బెదిరించనూ లేదు. మూడు వారాలు కుర్చీకి అతుక్కుపోయి, కళ్ళు మంటలెక్కేదాకా సరిచూసి, అంతా సరిగ్గానే ఉందని నమ్మాకే పెట్టింది. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత ఆస్పత్రిలో తలా ఒక కథ అల్లారు. చదవకుండా పెట్టిందన్నారు, అలిగి పెట్టిందన్నారు. నోటికి హద్దేముంది?

అద్దిస్ అబాబాలో ఒక పెద్ద ప్రభుత్వ ఆస్పత్రి. కాన్సర్‌కి కిరణాల వైద్యం చేసే యంత్రం అక్కడ ఒక్కటే ఉంది. దేశం నలుమూలల నుంచీ వచ్చేవాళ్ళు మాత్రం వేలమంది. ఇవాళ పేరు రాయించుకుంటే పిలుపు రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఆ పేర్లన్నీ ఒక డేటాబేస్‌లో ఉంటాయి. ముందు వచ్చినవాళ్ళు ముందు, వెనక వచ్చినవాళ్ళు వెనక. పందొమ్మిదేళ్ళుగా దానికి కాపలా అస్నకెచ్.

కాపలా అని ఊరికే అనలేదు. కరెంటు పోయినప్పుడల్లా జనరేటరు దగ్గరికి పరిగెత్తేది ఆవిడే. పొద్దున్న కాఫీ నోట్లో పడకముందే రాత్రి బ్యాకప్ సరిగ్గా అయిందా అని చూసేది ఆవిడే. ఒక జనరల్ గారి బావమరిది వచ్చి, మా వదిన పేరు కాస్త పైకి జరపండని మొదట నవ్వుతూ, తర్వాత కళ్ళెర్రజేసి అడిగితే, కుదరదు పొమ్మన్నదీ ఆవిడే. అంతెందుకు, సొంత పిన్ని కూతురిని వరసలో నిలబెట్టింది. పిన్ని వాళ్ళు రెండేళ్ళు ఇంటికి కాఫీకి పిలవలేదు. పోతే పోయిందనుకుంది. కాగితం సాక్ష్యం లేకుండా ఎవరి తేదీ ముట్టుకోకూడదన్న నియమం కూడా ఆవిడ రాసి, పైవాళ్ళ చేత ఒప్పించిందే.

ఆ తర్వాత కాలం మారింది. సర్వర్ గదిలో ఉన్నదంతా ఎక్కడో సముద్రాల అవతల అద్దెకు తీసుకున్న కంప్యూటర్లలోకి మార్చాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. క్లౌడ్ అన్నారు. బ్యాకప్ అదే తీసుకుంటుందట, జబ్బు చేస్తే అదే బాగు చేసుకుంటుందట. ఇక దానికో మనిషి ఎందుకు? అస్నకెచ్‌కి డేటా సంరక్షకురాలని కొత్త పేరు పెట్టి, కిటికీ పక్కన బల్ల వేశారు. చూడ్డానికి అనుమతి ఉంది, అక్షరం మార్చడానికి లేదు. రాణిగారికి కిరీటం ఉంచి రాజ్యం తీసుకున్నారని గుమాస్తాలు ఎగతాళి చేశారు. ఆవిడా వాళ్ళతో పాటు నవ్వింది గానీ, ఆ సాయంత్రం ఎవరూ లేని సర్వర్ గదిలోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడి వచ్చింది.

కొత్త పనంతా రోబెల్ అనే ఇరవయ్యారేళ్ళ కుర్రాడి చేతిలో పెట్టారు. బుద్ధిమంతుడు, వంకలు పెట్టడానికేమీ లేదు. ప్రోగ్రాం కూడా అతను రాయడు, కావలసింది చెప్తే ఏఐ యంత్రమే రాసిపెడుతుంది, అతను చదివి సరే అంటాడు. ఆవిడకి నెల పట్టే పని అతని కాఫీ చల్లారేలోగా అయిపోయేది. మా దేశపు తేదీలను లోకం క్యాలెండర్లోకి మార్చే పని కూడా అలాగే అయిపోయింది.

మార్చినది సరిగ్గా ఉందో లేదో తేల్చాలి కదా. ఆ బాధ్యత మాత్రం అస్నకెచ్‌కి అప్పజెప్పారు. నెలకు వంద పేర్ల చొప్పున నమూనా తీసింది. పాత తేదీ, కొత్త తేదీ పక్కపక్కన పెట్టుకుని పన్నెండు వందల పేర్లు ఒక్కొక్కటే చూసింది. ఒక్క తప్పు లేదు. మొత్తం పేర్లు లెక్కేసింది, అక్కడెన్నో ఇక్కడా అన్నే. మా మూడో నెల హిదార్‌లో సంతకం పెట్టింది. ముప్ఫై రోజులు ఆగి పాత సర్వర్‌ని తుడిచేశారు. బ్యాకప్ టేపులను నాశనం చేయడానికి పంపిన కాగితం మీదా ఆవిడ సంతకమే ఉంది.

ఆ సంతకానికి ఆరు నెలలయ్యాక, గింబోత్ నెలలో మెకురియా కిటికీ దగ్గరికి వచ్చాడు.

నగరంలోనే షిరోమెడా పేటలో మగ్గం నేసే మనిషి. యాభై దాటాయి, గొంతెత్తి ఎరగడు. భార్య అమారెచ్‌కి గర్భసంచి ముఖద్వారం దగ్గర కాన్సర్. గుమాస్తా దగ్గరికి నాలుగుసార్లు వచ్చాడట. నాలుగుసార్లూ మీ వంతు రాలేదు పొమ్మన్నారు. ఐదోసారి గుమాస్తా భోజనానికి వెళ్ళడంతో అస్నకెచ్ కనబడింది.

"అమ్మా, మా వెనకాల పేరు రాయించుకున్నావిడకి వైద్యం కూడా అయిపోయింది. మా వీధే. మమ్మల్ని ఇంకా పిలవలేదు. మావల్ల ఏమన్నా తప్పు జరిగిందా?" అని అడిగాడు.

జరగదు, వరస తప్పదు అని చెప్పబోయింది అస్నకెచ్. పందొమ్మిదేళ్ళు చెప్పిన మాటే. అతను జేబులోంచి, పేరు రాయించుకున్న నాడు ఇచ్చిన నాలుగు మడతల కార్డు తీసి, చెమట తుడిచి మరీ ఇచ్చాడు. తేదీ చూసింది. పాగుమె మూడు.

మాకు ముప్ఫై రోజుల నెలలు పన్నెండు. వాటి తోకన ఐదు రోజుల పాగుమె. నెలని పేరే గానీ, దాన్ని నెలగా చూసిందెవరు? ఆ ఐదు రోజులకు జీతం కూడా రాదు. ఆఫీసుల్లో సగంమంది ఉండరు, ఉన్నవాళ్ళు కొత్త సంవత్సరం ఎప్పుడొస్తుందా అని గోడకేసి చూస్తుంటారు. ఆస్పత్రి నెలవారీ నివేదికల్లో పాగుమె లెక్కని పన్నెండో నెల నెహాసెకి కలిపి పంపడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఎవరు పెట్టిందో తెలియదు. పందొమ్మిదేళ్ళుగా కలిపింది మాత్రం అస్నకెచ్.

అమారెచ్ పేరు వెతికింది. పేరుంది, ఊరుంది, జబ్బుంది, ఫోను నంబరుంది. తేదీ ఉండాల్సిన చోట ఖాళీ. తేదీ లేనివాళ్ళని కొత్త డేటాబేస్ వరస చివర నిలబెట్టింది. రోజూ కొత్తవాళ్ళు వస్తున్నారు, రోజూ వాళ్ళంతా అమారెచ్ ముందు చేరుతున్నారు. ఆరు నెలలు కాదు, అరవై ఏళ్ళు కూర్చున్నా ఆమె వంతు రాదు.

ఇలాంటి ఖాళీలు ఎన్ని ఉన్నాయో లెక్కేసింది. వైద్యానికి ఎదురుచూస్తున్నవాళ్ళలో నలభై ఏడుమంది. రేపు రమ్మని మెకురియాకి ఏదో చెప్పి పంపేసింది. అసలు సంగతి దాచింది.

రోబెల్ ప్రోగ్రాం తెరిచి చూసి తెల్లమొహం వేశాడు. ఏఐ పన్నెండు నెలలకే లెక్క రాసింది. పదమూడో నెల ఎదురైతే ఆగి తప్పుందని చెప్పాల్సింది పోయి, ఖాళీ పెట్టేసి ముందుకు నడిచింది. అతను చదివాడు, సరే అన్నాడు. పాగుమెలోనే పుట్టినవాడట, పైగా.

"నమూనాలో ఒక్కటైనా ఉంటే దొరికిపోయేదక్కా," అన్నాడు మెల్లగా. "మీరు తీసిన పేర్లలో పాగుమె లేదు."

అతను నెపం వెయ్యాలని అనలేదు. అయినా ఆ మాట ఆవిడ గుండెలో దిగబడింది. నెలకు వంద చొప్పున తీసింది. పన్నెండు నెలలు తీసింది. వేళ్ళ మీద లెక్కబెట్టుకుంటూ నెహాసె దగ్గర ఆగిపోయింది, అదేదో పూర్తయిపోయినట్టు. కొత్తదానికి ముప్ఫై ఐదు రోజుల వెనక్కి మించి బ్యాకప్ లేదు. పాతది తుడిచేశారు. టేపులు ముక్కలైపోయాయి. తేదీలు పోయింది ఎక్కడో కాదు, తన చేతుల మీదుగానే పోయాయి.

వాళ్ళ అధికారి బెలయ్‌నెహ్ గారు. చెడ్డవాడని చెప్పను, తన కుర్చీ కింద ఏ మంటా రాకుండా చూసుకునే మనిషి. అంతా విన్నాడు. పరిష్కారం కనుక్కుందాం, కమిటీ హామ్లె నెలలో కూర్చుంటుంది, అప్పుడు పెడదాం అన్నాడు. హామ్లె అంటే రెండు నెలలు. రెండు నెలలు ఆగే జబ్బు కాదది, ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఇవాళే తేదీలు వేయిద్దామని అస్నకెచ్ బతిమాలింది.

"ఏ సాక్ష్యంతో వేయమంటారు?" అన్నాడాయన. "కాగితం లేకుండా తేదీ ముట్టుకోకూడదని రాసింది మీరే కదా. రేపు ఇంకో యాభైమంది వచ్చి, మేమూ పాగుమెలోనే వచ్చామంటే?"

ఆయన స్థానంలో ఉంటే ఆవిడా ఆ మాటే అనేది.

సాక్ష్యం తెస్తానని చెప్పి బయటికొచ్చింది. జాబితా ముందేసుకుని ఫోన్లు మొదలుపెట్టింది. గోండర్‌కి, అర్బా మించ్‌కి, హరర్‌కి, ఎక్కడెక్కడి పల్లెలకో. కార్డు పట్టుకుని రండి, రాలేకపోతే ఎవరి చేతనైనా పంపండి, లేదా ఫొటో తీసి పంపండి అని ఒక్కొక్కరికీ చెప్పింది. ఏ రోజు వచ్చారో గుర్తుందా అని అడిగితే చాలామందికి అంకె గుర్తులేదు గానీ రోజు గుర్తుంది. పాగుమె మూడున వచ్చే రుఫాయెల్ పండగ నాడు వచ్చామన్నారు కొందరు. ఆ రోజు పడే వాన పవిత్రమని జనం రోడ్డు మీదకొచ్చి తడుస్తారు. జబ్బు నయమవుతుందని వాళ్ళూ ఆస్పత్రి ఆవరణలో వరసలోనే నిలబడి తడిశారట. ఒకాయన కార్డు ఉతుకులో నానిపోయింది. తడుస్తూ నవ్వుతున్న కూతురి ఫొటో పంపాడు, వెనకాల ఆస్పత్రి బోర్డు, కింద తేదీ. అస్నకెచ్ దాన్ని కూడా సాక్ష్యాల్లో చేర్చింది. ఒకప్పుడైతే చేర్చేది కాదు.

పందొమ్మిదో ఫోను ఒక అమ్మాయి తీసింది. వాళ్ళమ్మని పిలవమని అడిగింది అస్నకెచ్.

"అమ్మ పోయి నెలయింది," అంది ఆ పిల్ల. "ఇప్పుడా పిలవడం?"

అవతల ఫోను పెట్టేశారు. ఆ తర్వాతి నంబరు నొక్కడానికి వేలు ఎంతకీ లేవలేదు. అటువంటి ఇళ్ళు మొత్తం ఆరు తగిలాయి. ప్రతిదాని పక్కనా చిన్న గీత పెట్టుకుంది. మూడో గీత పెట్టాక బల్ల మీద తల వాల్చి ఏడ్చింది. గుమాస్తాలు చూసి చూడనట్టు పక్కకి తప్పుకున్నారు. అంతమందిని నేను చంపుకున్నానా అని పైకే అంది.

నాలుగు రోజులకి నలభై ఒక్క సాక్ష్యాలు చేరాయి. మెకురియా కార్డు అన్నిటికంటే పైన పెట్టి, తీసుకెళ్ళి బెలయ్‌నెహ్ గారి బల్ల మీద ఉంచింది. ఆయన ఒక్కొక్కటీ తిరగేశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తేదీలు వేయించడానికి నేను సంతకం పెడతాను, కానీ ఇది ఎలా జరిగిందో ఎవరో ఒకరు రాసివ్వాలి అన్నాడు. ఆ కాగితం ఫైల్లో ఉండగా, రాసినవాళ్ళు ఈ ఆఫీసులో కొనసాగడం కష్టమని కూడా నెమ్మదిగా చెప్పాడు.

అస్నకెచ్ అక్కడే నిలబడి రాసింది. నమూనా ఎంచింది నేను, పాగుమె మరిచింది నేను, సంతకం నాది. నెలాఖరున ఉద్యోగం మానుకుంటున్నాను. రాసి ముందుకు జరిపి, తేదీలు మధ్యాహ్నంలోగా పడాలంది. ఆయన ఆ కాగితం మీద కాదు, దాని కిందున్న, తేదీలు వేయమనే ఉత్తర్వు మీద సంతకం చేసి ఇచ్చాడు.

విషయం తెలిసి రోబెల్ ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. నా పేరు కూడా రాయండక్కా, ప్రోగ్రాంకి సరే అన్నది నేను కదా అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇద్దరం పోతే ఆ ఏఐ రాసేదాన్ని చదివేదెవరు?" అంది అస్నకెచ్. "ఈసారి చదువు. నెపం పంచుకోవడానికి రాకు, కూర్చుని తేదీలు వెయ్యి."

మధ్యాహ్నం రెండు దాటకముందే నలభై ఒక్క తేదీలూ పడ్డాయి. అమారెచ్ పేరు చివరనుంచి లేచి మొదటికొచ్చింది. అస్నకెచ్ స్వయంగా మెకురియాకి ఫోను చేసి గురువారం రమ్మంది. ఆ రెండు రోజులూ ఆవిడ దేవుడికి చెప్పుకున్నదొక్కటే, ఇంకా సమయం మించకుండా ఉండాలని. చనిపోయినవాళ్ళని ఎలాగూ తేలేదు. ఈవిడనైనా దక్కించుకోవాలి, అంతకు మించి ఏమీ అడగలేదు.

గురువారం పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. అమారెచ్‌ని అస్నకెచ్ చూడడం అదే మొదలు. పుల్లలా ఉంది. భర్త నేసిన తెల్లటి నెటెలా శాలువా కప్పుకుంది, అంచుకి పచ్చటి గీతలు. మీరేనా మమ్మల్ని పిలిపించిందని అడిగి, అస్నకెచ్ భుజాలు పట్టుకుని ఆ బుగ్గా ఈ బుగ్గా మార్చి మార్చి ముద్దు పెట్టింది. అందరికంటే ముందు పిలిచారట, మీ రుణం తీరేది కాదంది. పాపం, ఆవిడకి ఎవరూ అసలు సంగతి చెప్పలేదు. ఆ ముద్దులకి అస్నకెచ్‌కి అక్కడికక్కడే చచ్చిపోవాలనిపించింది. ఒక తిట్టు తిట్టినా హాయిగా ఉండేది.

డాక్టరు గారు లోపల గంటసేపు చూశారు. మెకురియా ఒక్కడినే పిలిచి చెప్పారు. జబ్బు వెన్నులోకి, ఊపిరితిత్తుల్లోకి పాకింది. రెండు నెలల కిందట వచ్చి ఉంటే వేరే మాట. ఇప్పుడు ఆ యంత్రం కింద పడుకోబెట్టడం వట్టి హింస. నొప్పి తెలియకుండా మందులు రాసిచ్చారు. ఆ వంతుకి తర్వాతి మనిషిని పిలిచారు.

మెకురియా తిన్నగా భార్య చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు. అస్నకెచ్ వైపు చూడలేదు.

ఉద్యోగం మిగిలింది ఇక ఆరు రోజులు. నాలుగో రోజున మెకురియా ఒక్కడే కిటికీ దగ్గరికి వచ్చాడు. అస్నకెచ్ లేచి నిలబడింది. ఇప్పుడు తిడతాడనుకుంది, తిట్టించుకోవడానికి సిద్ధపడింది. జరిగిందంతా తనే చెప్పేసింది కూడా. ఖాళీ తేదీ, పన్నెండు నెలల నమూనా, సంతకం, అన్నీ. అతను కార్డు చేతిలో నలుపుకుంటూ వింటూనే ఉన్నాడు. అంతా విన్నాక చెప్పాడు.

"ఆవిడకి నేను చెప్పలేదమ్మా. యంత్రం పాడయింది, బాగవగానే పిలుస్తారన్నాను. మొన్న మీ ఆస్పత్రి నుంచి మందు వేసుకోమని గుర్తుచేస్తూ ఏదో మెసేజ్ వచ్చింది. ఫోను మోగగానే మంచం దిగింది. చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చుంది. పొద్దుగూకేదాకా లోపలికి రానంది. నిన్న మళ్ళీ మోగింది, మళ్ళీ అంతే." కార్డు కిటికీలోంచి లోపలికి తోశాడు. "మా నంబరు తీసేయమ్మా. నీకు పుణ్యముంటుంది."

తీసేస్తానంది. అతను వెళ్ళిపోయాడు. కార్డు అక్కడే ఉండిపోయింది.

రోబెల్ పక్కన కూర్చుని అమారెచ్ పేరు తెరిపించింది. పేరుని వరసలోంచి తీసేస్తే ఫోనులూ మెసేజ్‌లూ ఆగిపోతాయి. తీసేటప్పుడు కారణం అడుగుతుంది. వైద్యం పూర్తయింది, ఊరు మారారు, చనిపోయారు, తామే వద్దనుకున్నారు. నాలుగే ఉన్నాయి, ఒకటి ఎంచుకోకపోతే ముందుకు పోనివ్వదు. రోబెల్ ఆవిడ వైపు తిరిగాడు.

"ఏది పెట్టనక్కా?"

అస్నకెచ్ నాలుగూ పైనుంచి కిందికి చదివింది. మళ్ళీ చదివింది. అందులో ఏది పెట్టినా అబద్ధమే.

"మేం పిలవలేదు అని ఉందా?"

"లేదు."

"చేర్చు. చేర్చే అనుమతి నీకుంది కదా."

రోబెల్ తలుపు వైపు చూశాడు. బెలయ్‌నెహ్ గారు ఒప్పుకుంటారా అనబోయి మింగేశాడు. ఐదో కారణంగా దాన్ని టైపు చేసి చేర్చాడు. అమారెచ్ పేరు పక్కన అదే పెట్టాడు. ఆ తర్వాత అస్నకెచ్ తన కాగితం తీసి, గీతలు పెట్టుకున్న ఆరు పేర్లూ ఒక్కొక్కటే చదివింది. చనిపోయారు అన్న చోటల్లా అతను కారణం మార్చుకుంటూ పోయాడు.

మిగిలిన నలభైమందిలో ముప్ఫై ఆరుమందికి ఆ వానాకాలం లోపల వైద్యం అందింది. నలుగురికి అమారెచ్‌కి చెప్పిన మాటే చెప్పి పంపారు. అస్నకెచ్ అప్పటికి ఆ ఆఫీసులో లేదు. ఐదో కారణం కింద మొత్తం పదకొండు పేర్లున్నాయి.